రాతింటి తాళాలావిడ

ఊరి బయట గుట్ట మీదున్న రాతింటికి తాళం తీసేదీ వేసేదీ ఆవిడే కాబట్టి అందరూ ఆవిణ్ణి తాళాలావిడ అంటారు. నిజానికి ఉన్నది ఒక్క తాళమే. దాని చెవిని తాడుకు గుచ్చి మెడలో వేసుకుని తిరిగే దర్జా చూస్తే మాత్రం నాలుగు కోటలు ఆవిడ చేతి కింద ఉన్నాయనుకుంటారు.

రాతిల్లంటే ఇల్లు కాదు, సమాధి. ఎన్ని వేల ఏళ్ళ నాటిదో చదువుకున్నవాళ్ళే తలో మాటా చెబుతారు. ఎవరో ఆ కాలపు మనుషులు గదంతేసి బండల్ని నిలువునా పాతి, వాటి మీద ఇంకా పెద్ద బండల్ని పరిచి, పైన మట్టి కప్పి, చచ్చిపోయిన తమవాళ్ళను లోపల పెట్టుకున్నారు. లోపలికి దారి ఇరుకు. నడుము వంచుకుని బయలుదేరిన మనిషి రెండో రాయి దగ్గరకు వచ్చేసరికి మోకాళ్ళ మీద పడాల్సిందే. అక్కణ్ణుంచి పాక్కుంటూ వెళితే చివర నిలబడగలిగేంత గది, దాని పక్కన చిన్న అర. దారంతా లోపలికే వాలు కాబట్టి పెద్ద వాన పడితే నీళ్ళన్నీ పోయి ఆ గదిలోనే చేరతాయి. ఒక ఏడు నడుం లోతు నిలిస్తే మోటారు పెట్టి తోడించారు. ఆ తర్వాతే ఆఫీసువాళ్ళు ద్వారానికి ఇనుప కటకటాల తలుపు పెట్టి, వాన రోజున ఎవరినీ పోనివ్వద్దని బోర్డు రాయించారు.

చూడవచ్చినవాళ్ళకు తాళాలావిడ ద్వారం దగ్గరే నిలబడి లోపలి వింతలన్నీ పూస గుచ్చినట్టు చెబుతుంది. ఎడమ చేతి పక్క రాయి మీద చుట్టలు చుట్టలుగా గీతలుంటాయనీ, అరలోకి తొంగి చూస్తే చల్లటి గాలి మొహానికి తగులుతుందనీ, చివరి బండ మీద చెయ్యి వేస్తే తడి తగులుతుందనీ. వాళ్ళు వెళ్ళి చూసి, మట్టి మోకాళ్ళతో బయటికొచ్చి, అచ్చం మీరు చెప్పినట్టే ఉందండీ అంటారు. ఆవిడ తల పంకిస్తుంది.

దాచడం దేనికి, ఆ గదిని ఆవిడ ఎన్నడూ చూడలేదు. రెండో రాయి దాటి ఒక్క మూర కూడా లోపలికి పోలేదు. ఇరుకంటే ఆవిడకు భయం. ఆషామాషీ భయం కాదు. లిఫ్టు ఎక్కదు. బిగుతు స్వెట్టరు తల మీదుగా తీస్తూ చేతులు ఇరుక్కుంటే ఊపిరి అందక గోడకు కొట్టుకుంటుంది. ఎప్పటి భయమో, ఎందుకొచ్చిందో ఆవిడకే తెలీదు. చెప్పుకుంటే నవ్వుతారని మొగుడికి కూడా చెప్పలేదు. విజిటర్లకు చెప్పే కబుర్లన్నీ అత్తగారి నోటి నుంచి విని కంఠస్థం చేసినవి.

ఆ తాళం అంతకు ముందు అత్తగారిది. పెద్దావిడ వయసంతా ఆ గుట్ట మీదే గడిచింది. చెప్పులకూ ఆవిడకూ పడదు. నేలతో తగాదా ఉన్నవాళ్ళు వేసుకుంటారవి అనేది. కొడుకు కొనిచ్చిన జత గుమ్మం పక్కన పెళ్ళికూతుళ్ళలా కూర్చుని ఉంటుంది, అంతే. మోకాళ్ళు పట్టేసి గుట్ట ఎక్కలేకపోయిన ఏడాది, గుండీలు కుట్టే ఫ్యాక్టరీ మూతపడి ఇంట్లో ఉన్న కోడలికి ఆఫీసువాళ్ళ చేత ఆ ఉద్యోగం వేయించింది. తాళం చేతికిచ్చిన రోజున చెప్పిన మాట ఒక్కటే. తాళం వేసే ముందు లోపలికి వెళ్ళాలి. చివరి దాకా వెళ్ళి, అరలోకి చూసి, వెనక బండ మీద చెయ్యి వేసి రావాలి. బయట నిలబడి కేకేస్తే లోపలివాళ్ళకు వినపడొచ్చు, పడకపోవచ్చు. రాయి మాటల్ని మింగేస్తుంది.

ఆ సాయంత్రం కోడలు రెండో రాయి దాకా వెళ్ళింది. వెనక్కు వెనక్కు పాకి బయటపడి, చెమటలు తుడుచుకుని, ఇంటికొచ్చి అత్తగారితో చెయ్యి వేసొచ్చానంది. అంతే, ఆ మాట అక్కణ్ణుంచి రోజూ అనాల్సిన మాటైపోయింది.

అలాగని ఊరికే వదిలేసే మనిషీ కాదు. తనకో దారి వెతుక్కుంది. లోపలి పలకల మీద గీతలు అరిగిపోకుండా చెప్పులు బయట విడవాలన్నది రూలు. వడ్రంగి చేత అరలున్న చెక్క స్టాండు చేయించి ద్వారం పక్కన పెట్టించింది. వచ్చినవాళ్ళ చెప్పులన్నీ అందులోకి. సాయంత్రానికి స్టాండు ఖాళీ అయితే రాతిల్లూ ఖాళీ అయినట్టే. చెప్పుల్లేకుండా ఇంటికి పోయే మనిషెవరు? ఈ లెక్క ఏళ్ళ తరబడి ఒక్కసారీ తప్పలేదు. పెద్ద ఆఫీసరొకాయన స్టాండు చూసి మెచ్చుకున్నాడు కూడా.

ఆ రోజు పొద్దున్న అత్తగారు టీ తాగుతూ, ఒక్కసారి లోపలికెళ్ళి కూర్చుని రావాలనుందే, తీసుకెళ్ళు అంది. ఈ మోకాళ్ళు పూర్తిగా చచ్చేలోపు ఆ గది చూడాలని ఉందంది. తీసుకెళ్ళడమంటే వెంట తనూ పోవాలి. ఆ సంగతి పైకి అనలేదు కాబట్టి కోపం తెచ్చుకుంది. ఈ వయసులో పాకులాటేమిటి, ఇరుక్కుంటే ఎవరు లాగుతారు, నాకున్న పని చాలదా అంటూ అక్కర్లేనివన్నీ అనేసింది. చివర్న ఇంకో మాట కూడా వచ్చేసింది.

"అంత ముచ్చటగా ఉంటే వెళ్ళి అక్కడే ఉండండి అత్తయ్యా. మాకూ పీడా వదులుతుంది."

పెద్దావిడ గ్లాసు కింద పెట్టి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అనాలనుకుని అన్న మాట కాదు. కానీ అన్న మాట అన్నట్టే ఉండిపోయింది, కోడలు దాన్ని మింగలేక కక్కలేక గుట్టకు బయలుదేరింది.

ఆ మధ్యాహ్నం రిటైరైన ఉద్యోగులు ఒక బస్సు నిండా దిగారు. మబ్బులు కమ్ముకొస్తున్నాయి, అందరికీ తొందరే. చూసొచ్చాక ఇద్దరు పెద్దమనుషులు ఒకే జత నల్లబూట్లు నావంటే నావని పట్టుకున్నారు. ఒకాయన వాటి అడుగు చూపిస్తాడు, ఇంకొకాయన కాలు దూర్చి చూపిస్తాడు. తాళాలావిడ తల ప్రాణం తోకకొచ్చింది. బస్సు దగ్గరకు వెళ్ళి వెతికితే రెండో జత సీటు కింద దొరికింది. అంతసేపూ ద్వారం దగ్గర ఎవరూ లేరు.

బస్సు వెళ్ళింది. చినుకులు మొదలయ్యాయి. స్టాండులో ఒక్క చెప్పు లేదు. తాళాలావిడ అలవాటు ప్రకారం కటకటాల దగ్గర వంగి, ఎవరైనా ఉన్నారా అని కేకేసింది. జవాబు లేదు. గొళ్ళెం పెట్టి, తాళం వేసి, గబగబా గుట్ట దిగింది.

ఇంటికొచ్చేసరికి వాన పెద్దదైంది. అత్తగారి గది తలుపు పొద్దున్న వేసినట్టే వేసి ఉంది. ఇంకా అలక తీరలేదన్నమాట అనుకుంది. లోపలికెళ్ళి క్షమించమంటే సరిపోయేది, కానీ అహం అడ్డొచ్చింది. టీ పెట్టి, గ్లాసు తలుపు ముందు ఉంచి, అక్కడ పెట్టానండీ అని చెప్పి వంటింట్లోకి పోయింది. కూరలు తరుగుతూ రెండుసార్లు తొంగి చూసింది. గ్లాసు కదల్లేదు. టీ మీద మీగడ కట్టింది.

మొగుడు ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. మనిషి ఆజానుబాహువు, తలుపుల్లోంచి కాస్త పక్కకు తిరిగి వస్తాడు. ఆయన వ్యాను ఆపి, తడుస్తూ లోపలికొచ్చి, అమ్మేదీ అని తలుపు తోశాడు. మంచం ఖాళీ.

వీధి చివర ఉండే ఆడపడుచుకు ఫోను చేశారు. అక్కడికి రాలేదు. పక్కింటివాళ్ళు చూడలేదు. ఆడపడుచు గొడుగేసుకుని పరిగెత్తుకొచ్చి, గుమ్మంలో నిలబడే అంది.

"పొద్దున్న మీ ఇద్దరికీ ఏదో అయిందటగా వదినా. కిటికీలోంచి వినపడిందని పక్కావిడ చెప్పింది."

పీడా వదులుతుందన్న మాట ఆ ఇంట్లో ఇంకా తిరుగుతున్నట్టే ఉంది.

మొగుడు గుమ్మం పక్కన చూసి, చెప్పులిక్కడే ఉన్నాయి, ఎంతో దూరం పోయి ఉండదులే అని తనకు తాను ధైర్యం చెప్పుకున్నాడు. ఆ మాటకు తాళాలావిడ కూడా చెప్పుల వంక చూసింది. ఎన్నేళ్ళుగానో చూస్తున్న జతే. ఎన్నడూ కాలు పెట్టని జత. చేతికర్ర లేదు. అలమర మీద ఉండాల్సిన పాత టార్చీ కూడా లేదు.

చెప్పుల్లేకుండా తిరిగే మనిషి లోపలికెళితే స్టాండుకెలా తెలుస్తుంది?

మొగుడి చెయ్యి పట్టుకుని, అత్తయ్య రాతింట్లో ఉంది, నేను తాళం వేసి వచ్చేశాను అంది. ఆ మాట పూర్తి కాకముందే ఆయన వ్యాను తాళాల కోసం వెతుకుతున్నాడు. వర్షం పైకప్పు మీద దబదబా కొడుతోంది. దారంతా లోపలికే వాలు.

దారిలో ఆయన ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగాడు. తాళం వేసే ముందు లోపల చూస్తావుగా, ఎలా కనపడకుండా పోయింది? ఆవిడ అద్దం మీద నీళ్ళను తుడిచే కర్రనే చూస్తూ కూర్చుంది. కల్వర్టు దగ్గర నీళ్ళు రోడ్డెక్కి పారుతున్నాయి. ఆయన బండి ఆపి దిగి కాలితో లోతు చూసి, మళ్ళీ ఎక్కి, పళ్ళు బిగించి దాటించాడు. ఆ కాసేపట్లో ఆవిడ మనసులో నీళ్ళు మొదట చీలమండల దాకా వచ్చాయి, తర్వాత మోకాళ్ళ దాకా, తర్వాత తలుచుకోలేనంత ఎత్తుకు.

గుట్ట ఎక్కేసరికి ఇంకా మసక వెలుతురుంది. పైనుంచి నీళ్ళు పాయలు పాయలుగా దిగి, కటకటాల కింద నుంచి లోపలికి దూరుతున్నాయి. తాళం చెవి రంధ్రంలోకి పోవడం లేదు. ఆయన లాక్కుని తీశాడు. అమ్మా అని అరిచాడు. ఏమీ వినపడలేదు. ఊపిరి బిగబట్టి మళ్ళీ అరిస్తే ఎక్కడో అడుగు నుంచి చిన్నగా ఏదో పలికింది. మనిషి గొంతే.

ఆయన వంగి దూరాడు. రెండో రాయి దగ్గర భుజాలు పట్టేశాయి. ఒక పక్కకు తిరిగాడు, ఇంకో పక్కకు తిరిగాడు, రాతికి ఒరుసుకుని మోచేతులు చెక్కుకుపోయాయి. కుర్రతనంలోనూ ఇలాగే ఇరుక్కుంటే కాళ్ళు పట్టి లాగారట. వెనక్కి వచ్చేసి, మొహం నిండా మట్టితో పెళ్ళాం వంక చూశాడు.

"నువ్వెళ్ళు. రోజూ వెళ్ళొచ్చేదానివేగా. ప్రతి రాయీ నీకు తెలుసు."

ఆ చూపులో అనుమానం లేదు. పూర్తి నమ్మకం. ఆవిడకు అంతకంటే అనుమానించి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. చెప్పడానికి వ్యవధి లేదు. టార్చీ పుచ్చుకుని వంగింది.

మొదటి రాయి వరకూ కాళ్ళకు తెలిసిన దారే. రెండో రాయి దగ్గర మోకాళ్ళ మీద పడింది. అరచేతుల కింద నుంచి నీళ్ళు చల్లగా జారి ముందుకు పోతున్నాయి. పై బండ వీపుకు తగిలింది. తగిలీ తగలగానే కళ్ళ ముందు మెరుపులొచ్చాయి. లోపలికి తీసుకున్న గాలి లోపలికి పోవడం లేదు. వెనక్కి వెళ్ళిపో, వెళ్ళిపో అని ఒళ్ళంతా ఒకటే గోల. నిజంగానే ఒక మోకాలు వెనక్కి జరిగింది కూడా.

"ఎవరది?" చీకట్లోంచి అత్తగారి గొంతు.

"నేనే అత్తయ్యా."

"రెండో రాయి దగ్గర ఆగావు కదూ? ఎందుకంత రొప్పుతున్నావు?"

రొప్పే జవాబు చెప్పింది. పెద్దావిడ చెవులు పెద్దగా పనిచెయ్యవనుకుంటారు గానీ ఆ గదిలో కూర్చుంటే ఆ దారిలో చీమ నడిచినా ఆవిడకు తెలుస్తుంది. వయసంతా ఆ దారినే విని ఉంది మరి.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఇక్కడి దాకా వచ్చావా?"

"లేదు."

"మరి ఇవాళ ఎందుకొచ్చావు?"

"మీరున్నారు కదా."

తర్వాత పెద్దావిడ తిట్టడం మొదలుపెట్టింది. ఓదార్చలేదు, భయపడకమ్మా అనలేదు. సిగ్గులేని మొహమా అంది. అబద్ధాలకోరువి అంది. నా మోకాలు బూరెలా వాచింది, నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి, నువ్వక్కడ పూజారిలా కూర్చున్నావేం అంది. ఒక్కో తిట్టుకూ తాళాలావిడకు ఒళ్ళు మండింది. ఆ మంటలో ఒక చెయ్యి ముందుకు పడింది. ఇంకో తిట్టుకు ఇంకో చెయ్యి. ఎడమ పక్కన చుట్టల గీతలు టార్చీ వెలుగులో కనపడి మాయమయ్యాయి. చివరికి తల మీద బండ లేకుండా పోయింది. లేచి నిలబడింది.

పెద్దావిడ పక్క అర గట్టు మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉంది. టార్చీ ఆరిపోయి చేతిలోనే ఉంది. పెదాలు నీలం తిరిగాయి. తాళాలావిడ వెళ్ళి ఆవిణ్ణి గట్టిగా పట్టుకుంది. చలికి ఎవరు వణుకుతున్నారో, భయానికి ఎవరో తెలియలేదు.

రావడం ఒక ఎత్తు, పోవడం ఒక ఎత్తు. పెద్దావిడ ముందు పాకాలి, వెనక నుంచి కోడలు నెట్టాలి. అంటే కోడలికి ముందున్న ఆ కాస్త దారీ అత్తగారి ఒంటితో మూసుకుపోయినట్టే. వాలుకు ఎదురు, నీళ్ళకు ఎదురు. వాచిన మోకాలు రాతికి తగిలినప్పుడల్లా పెద్దావిడ పళ్ళు నూరుకునేది. సగం దారిలో ఆగిపోయింది. ఇక కదలలేనంది.

"కదలండి అత్తయ్యా. మీరాగితే నాకు ఊపిరాడదు."

"కాస్త ఆగు. ఒక మాట చెప్పాలి." పెద్దావిడ రొప్పుతూ, మొహం అటే పెట్టి చెప్పింది. "కర్ర పొడుచుకుంటూ ఎలాగో గుట్ట ఎక్కి, నువ్వు బస్సు దగ్గరున్నప్పుడు కర్రతో సహా లోపల దూరా. నువ్వొచ్చి చూస్తావని, చూసినప్పుడు నవ్వుదామని పలక్కుండా కూర్చున్నా. తాళం పడింది. పొద్దున్న అన్న మాట గుర్తొచ్చింది. కావాలనే వేశావనుకున్నా. నువ్వు రొప్పడం వినేదాకా అదే అనుకుంటూ కూర్చున్నా."

తాళాలావిడకు ఏడుపొచ్చింది. ఇరుకు సంగతే మరిచిపోయి ఏడ్చింది. మీద బండ, పక్కన బండ, ముందు అత్తగారి పాదాలు. ఆ పాదాల మీద నుదురు ఆనించి, అలా ఎలా అనుకున్నారు అత్తయ్యా అని మాత్రం అనగలిగింది. అన్నదానివి నువ్వే కదటే అంది పెద్దావిడ. అని, మోచేతుల మీద లేచింది.

రెండో రాయి దగ్గర కొడుకు చేతులందించి తల్లిని లాక్కున్నాడు. వాన సన్నబడింది. తన చొక్కా విప్పి ఆవిడ తల తుడిచాడు. ప్రాణం కుదుటపడగానే కోపం వచ్చింది. అందరూ వెళ్ళాక చూసే తాళం వేస్తుంది కదా, నీకెలా జరిగిందమ్మా ఇది అని నిలదీశాడు.

తాళాలావిడ తల వంచుకుంది. ఇక చెప్పెయ్యాల్సిందే అనుకుంది.

"అరలో నక్కానురా. టార్చీ వేసి చూసినా కనపడను," అంది పెద్దావిడ. "దాన్నేమీ అనకు. తప్పు నాదే."

జీవితంలో ఎవరి తప్పూ ఊరికే పోనివ్వని మనిషి. అన్నం మెత్తబడితే వారం రోజులు గుర్తుచేసే మనిషి. కొడుకు ఇంకో నాలుగు మాటలు తల్లినే అని, వ్యాను దగ్గరగా తెస్తానని దిగివెళ్ళాడు. తాళాలావిడకు తేలికపడలేదు. అత్తగారు కొడితే బాగుండేదనిపించింది. కొంగుతో ఆవిడ కాళ్ళు తుడుస్తూ కూర్చుంది.

"ఇవాళ నేను కాబట్టి సరిపోయింది," అంది పెద్దావిడ మెల్లగా. "రేపు ఎవరి బిడ్డో అయితే?"

మొగుడు వ్యాను తెచ్చి, తల్లిని ఎత్తుకోబోతూ, ఆ తలుపు వేసి రా, పోదాం అన్నాడు. తాళాలావిడ కటకటాల దగ్గరకు వెళ్ళింది. గొళ్ళెం మీద చెయ్యి వేసి ఆగింది. లోపల చీకటి అలాగే ఉంది. ఇందాకైతే ఆ చీకట్లో అత్తగారుంది, తిట్టే గొంతు ఉంది. ఇప్పుడు ఎవరూ లేరు. ఎవరూ లేని చీకట్లోకి పోవడం ఇందాకటి కంటే కష్టమని ఆవిడకు అప్పుడే తెలిసింది. టార్చీ వెలిగించి వంగింది.

మొగుడు కంగారుగా, ఇంకా లోపల ఎవరున్నారు అని అడిగాడు.

"ఎవరూ లేరు. చూసొస్తాను."

నీకేమైనా మతిపోయిందా అంటూ ఆయన అడ్డం పోబోయాడు. పెద్దావిడ కొడుకు చెయ్యి పట్టుకుని ఆపింది. కోడలి అరికాళ్ళు రెండో రాయి దాటి లోపలికి జరిగిపోవడం చూసింది. చలికి దవడలు కొట్టుకుంటున్నా, కొడుకు ఎంత బతిమాలినా, కోడలు బయటికొచ్చేదాకా ఆవిడ బండెక్కలేదు.